మిషన్ అబద్ధం చెబుతోందా?

ఆస్పత్రిలో పనిచేస్తానంటే మా ఊళ్లో రెండే అనుకుంటారు. డాక్టరమ్మ, లేదంటే నర్సమ్మ. నేను రెండూ కాదు. నా ఐడీ కార్డు మీద ‘బయోమెడికల్ ఇంజినీర్’ అని ఉంటుంది. ఆ మాటను మా జేజికి అర్థమయ్యేలా చెప్పడానికి మూడేళ్లుగా తంటాలు పడుతున్నా. ‘‘మనుషులకు కాదు జేజీ, మిషన్లకు జబ్బు చేస్తే చూస్తా’’ అన్నా ఒకసారి. ‘‘అట్లనా! అయితే మన మిక్సీ చూడు పాపా, రెండు దినాలుగా కుయ్యిమంటాంది’’ అంది. చూశా. జార్ కింద రబ్బరు అరిగిపోయింది. మార్చా. ఆ రోజు నుంచి నా చదువు మీద జేజికి కాస్త గౌరవం ఏర్పడింది.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. అనంతపురంలో ఈసీఈ చదివా. ఇప్పుడు ఇక్కడే ఒక ఆస్పత్రిలో, ఎక్కువగా ఎన్ఐసీయూలో ఉంటా. అంటే అప్పుడే పుట్టిన, ఊపిరి కోసం కష్టపడుతున్న పిల్లల వార్డు. వెంటిలేటర్లు, వార్మర్లు, సిరంజి పంపులు... అన్నిటితోనూ నాకు స్నేహమే. ఒక్కదాని దగ్గర మాత్రం ఇప్పటికీ కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకుని నిలబడతా. అది నైట్రిక్ ఆక్సైడ్ ఇచ్చే మిషన్.

‘‘ఆ... నవ్వించే గ్యాసే కదా?’’ అని ఫ్రెండ్స్ అడుగుతారు. కాదు. నవ్వించేది నైట్రస్ ఆక్సైడ్. ఇది నైట్రిక్ ఆక్సైడ్. పేరులో ఒక్క అక్షరమే తేడా, పనిలో మాత్రం పొంతనే లేదు. పిడుగు పడ్డప్పుడు గాలిలో పుట్టేది, డీజిల్ బండి పొగలో ఉండేది ఈ గ్యాసే. మరి పొగలో ఉండేదాన్ని పసిబిడ్డకు ఎందుకిస్తారు?

తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులకు పనుండదు. ఆక్సిజన్ బొడ్డుతాడు నుంచి వస్తుంది కాబట్టి ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు ముడుచుకుని ఉంటాయి. పుట్టి కేర్‌మన్న మరుక్షణం నుంచి అవి వదులు కావాలి. కొందరు పిల్లల్లో వదులు కావు. రక్తం ఊపిరితిత్తుల్లోకి పోకుండా పక్కదారి పట్టి తిరుగుతుంది. బిడ్డ నీలంగా మారుతుంది. ఎంత ఆక్సిజన్ పెట్టినా లాభముండదు, ఎందుకంటే ఆక్సిజన్ ఉన్నచోటికి రక్తమే రావట్లేదు. అప్పుడు పీల్చే గాలిలో కొంచెం నైట్రిక్ ఆక్సైడ్ కలిపితే ముడుచుకున్న నాళాలు సడలుతాయి. ఇంకో గొప్ప సంగతి, రక్తంలోకి పోగానే హిమోగ్లోబిన్ దాన్ని క్షణాల్లో పట్టేసుకుంటుంది. కాబట్టి మిగతా ఒంట్లో బీపీ పడిపోదు. పని ఊపిరితిత్తుల్లోనే మొదలై అక్కడే అయిపోతుంది.

మన ఒంట్లో రక్తనాళాలు కూడా ఈ గ్యాస్‌ను సొంతంగా తయారు చేసుకుంటాయని కనిపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురికి 1998లో నోబెల్ వచ్చింది. మరుసటి ఏడాది, 1999 డిసెంబర్‌లో, అమెరికాలో నవజాత శిశువులకు దీన్ని మందుగా ఒప్పుకున్నారు. నోబెల్ గారికి ముసలితనంలో గుండెనొప్పి వస్తే డాక్టర్లు రాసిన మందు నైట్రోగ్లిజరిన్. అంటే డైనమైట్‌లో ఆయన వాడిన పదార్థమే. ఆయన వద్దన్నాడట. అది ఒంట్లోకి పోయి చేసేది నైట్రిక్ ఆక్సైడ్ పనే! వయాగ్రాగా పేరుపడ్డ సిల్డెనాఫిల్ నడిచేది కూడా ఈ దారిలోనే. నైట్రిక్ ఆక్సైడ్ ఖరీదు ఎక్కువ, అన్ని ఆస్పత్రుల్లో ఉండదు. అది లేనిచోట మన దేశంలో పసిపిల్లలకు సిల్డెనాఫిలే ఇస్తుంటారు. వార్డులో ఆ మందు పేరు చూసి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ముసిముసిగా నవ్వుతారు. పిల్లను చూశాక ఆ నవ్వు ఆగిపోతుంది.

ఇంత మంచి గ్యాస్ పక్కన నిలబడటానికి భయమెందుకంటే, దానికి ఆక్సిజన్ తగిలితే నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. అది విషం. ఊపిరితిత్తుల తడిలో కలిస్తే యాసిడ్. పైగా మనం నైట్రిక్ ఆక్సైడ్ ఇచ్చేదే ఎక్కువ ఆక్సిజన్ మీదున్న బిడ్డకు! రెండూ కలవక తప్పదు. అందుకే బిడ్డకు చాలా దగ్గరలో, చాలా కొద్ది మోతాదులో కలుపుతారు. ఎంత కొద్ది అంటే, మామూలుగా మొదలుపెట్టేది 20 పీపీఎం. పది లక్షల పాళ్లలో ఇరవై. మీ మిద్దె మీద వెయ్యి లీటర్ల వాటర్ ట్యాంక్ ఉంటే అందులో నాలుగు టీస్పూన్లు. ఆ నాలుగు చెంచాలు నిజంగా నాలుగేనా, మూడా, అయిదున్నరా అని కనిపెట్టి చెప్పేవి సెన్సర్లు. వాటికి జబ్బు చేస్తే చూడాల్సింది నేను.

మిషన్‌లో మూడు సెన్సర్లు ఉంటాయి. ఒకటి నైట్రిక్ ఆక్సైడ్‌కి, ఒకటి నైట్రోజన్ డయాక్సైడ్‌కి, ఒకటి ఆక్సిజన్‌కి. బిడ్డ నోటి దగ్గరున్న ట్యూబు నుంచి సన్నటి శాంపిల్ లైన్ గుండా కొంచెం గాలిని పంపు లాక్కుంటుంది. ఆ గాలిలోని తడి వాటర్ ట్రాప్‌లో ఆగుతుంది. తర్వాత గాలి ఈ మూడింటి ముందు నుంచి పోతుంది. సెన్సర్ అంటే కెమెరా లాంటిది అనుకోకండి. గ్యాస్‌ను అది చూడలేదు. అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బా, లోపల కొంచెం యాసిడ్ నీళ్లు, లోహపు పూత పూసిన రేకులు. గ్యాస్ అణువు వచ్చి రేకుకు తగిలితే రసాయనిక చర్య జరిగి కొన్ని ఎలక్ట్రాన్లు కదులుతాయి. మైక్రో ఆంపియర్లలో కరెంటు. ఆ కరెంటును మిషన్ ఒక లెక్కతో గుణించి స్క్రీన్ మీద ‘20’ అని వేస్తుంది. అంటే స్క్రీన్ మీద ఉన్నది గ్యాస్ కాదు, కరెంటుకు మనం పెట్టిన పేరు. ఆ లెక్క పాతబడితే పేరు తప్పవుతుంది.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి, చాలామంది స్టాఫ్‌కి కూడా తెలియనిది. మేం వాడే రకం మిషన్లలో సెన్సర్ మోతాదును నడపదు. వెంటిలేటర్ నుంచి ఎంత గాలి పోతోందో వేరే మీటరు కొలుస్తుంది, దానికి తగ్గట్టు వాల్వు గ్యాస్ వదులుతుంది. సెన్సర్ పక్కన నిలబడి చూసే సాక్షి మాత్రమే. సాక్షి తప్పు చెప్పినంత మాత్రాన జరిగింది మారదు. కానీ ఆ సాక్ష్యం విని మనుషులు ఏం చేస్తారన్నదే ప్రమాదం.

మా అనంతపురం వాళ్లకు సాక్ష్యాల మీద అనుమానం పుట్టుకతోనే వస్తుందనుకుంటా. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే నేల ఇది. బోరు వేయాలంటే పాయింట్ పెట్టేవాడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. టెంకాయ లేచి నిలబడ్డచోట నీళ్లున్నాయంటాడు. మా నాయన ముగ్గురిని పిలిపించేవాడు, ఒకరికి తెలియకుండా ఒకరిని. ముగ్గురి గుర్తులూ ఒక్కచోట పడవు. చివరికి నాలుగోది, ఎండాకాలంలో కూడా పచ్చగా ఉన్న వేపచెట్టు ఎక్కడుందో చూసుకుని అక్కడ వేయించేవాడు. నీళ్లు పడ్డాయా అంటే, ఒకసారి పడ్డాయి, రెండుసార్లు దుమ్మొచ్చింది. అది వేరే కథ. కానీ ‘ఒక్కడు చెప్తే నమ్మకు, తెలిసినదాంతో పోల్చు’ అనే అలవాటు నాకు అక్కడి నుంచే వచ్చింది. సెన్సర్ రిపేర్ మొత్తం ఆ ఒక్క అలవాటే.

పోయిన ఏప్రిల్. బయట 42 డిగ్రీలు. ఒక బిడ్డ రెండో రోజు నైట్రిక్ ఆక్సైడ్ మీద ఉంది. మోతాదు 20 పెట్టారు. స్క్రీన్ మీద 15 చూపిస్తోంది. పొద్దున 17 ఉండిందట, ముందురోజు 18. బిడ్డ శాచురేషన్ అనుకున్నంత పెరగట్లేదు. ‘‘గ్యాస్ తక్కువ పోతున్నట్టుంది, ఇరవై వచ్చేదాకా సెట్టింగ్ పెంచుదామా?’’ అని డ్యూటీ డాక్టర్ అడిగారు. అడిగింది సబబే. తెర మీద 15 కనపడుతుంటే ఎవరైనా అదే అంటారు. ‘‘పది నిమిషాలు ఇవ్వండి సార్’’ అన్నా.

ఆ పది నిమిషాల్లో ఏం చూడాలంటే, 15 చూపడానికి మూడు కారణాలు ఉండొచ్చు. నిజంగానే తక్కువ పోతోంది. లేదా శాంపిల్ లైన్‌లో ఎక్కడో సందు ఉండి బయటి గాలి కలుస్తోంది. లేదా సెన్సర్ నీరసపడింది. లైన్ సంగతి ముందు తేలుతుంది, ఎందుకంటే దానికి పనిముట్లు అక్కర్లేదు, ఆక్సిజన్ రీడింగ్ చూస్తే చాలు. ఆ బిడ్డకు ఆక్సిజన్ 80 శాతం ఇస్తున్నారు. లైన్‌లో నాలుగో వంతు బయటి గాలి కలిస్తే నైట్రిక్ ఆక్సైడ్ 20 కాస్తా 15 అవుతుంది, కరెక్టే. కానీ అప్పుడు ఆక్సిజన్ కూడా పలచబడాలి కదా! మూడు వంతుల 80, ఒక వంతు 21. లెక్కేస్తే 65 రావాలి. స్క్రీన్ మీద 79 ఉంది. అంటే లైన్ బాగుంది. ఈ లెక్క కాగితం కూడా లేకుండా మంచం పక్కన నిలబడి వేసేయొచ్చు. నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికంటే ఇష్టమైన క్షణాలు ఇవే.

మిగిలినవి రెండు. దీనికి తెలిసిన గ్యాస్ కావాలి. మా దగ్గర క్యాలిబ్రేషన్ సిలిండర్ ఉంటుంది, కచ్చితంగా 45 పీపీఎం నైట్రిక్ ఆక్సైడ్ ఉన్నది, గడువు తేదీతో సహా. ముందు తేదీ చూడాలి. గడువు దాటిన సిలిండర్‌తో సరిచేస్తే తప్పును తప్పుతో కొలిచినట్టు. డాక్టర్‌కి చెప్పా: కొన్ని నిమిషాలు స్క్రీన్ మీద రీడింగ్ ఉండదు, బిడ్డకు గ్యాస్ మాత్రం పోతూనే ఉంటుంది, మీరు శాచురేషన్ చూస్తూ ఉండండి. ముందు గది గాలి పంపా. సున్నా చూపింది. తర్వాత 45 గ్యాస్. అంకె మెల్లగా ఎక్కి 34 దగ్గర ఆగిపోయింది.

45కి 34. 20కి 15. రెండూ ముప్పావు వంతే! అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? గ్యాస్ సరిగ్గా 20 పోతోంది. సాక్షికే చూపు తగ్గింది. సున్నా దగ్గర సరిగ్గా ఉండి పైకి పోయేకొద్దీ తేడా పెరుగుతుంటే సెన్సర్ ముసలిదైనట్టు. ఎక్కడ చూసినా ఒకే అంకె తేడా ఉంటే, అంటే 0కి 2, 20కి 22 అలా చూపిస్తుంటే, సున్నా జరిగినట్టు. మొదటిదానికి కొత్త లెక్కో కొత్త సెన్సరో కావాలి, రెండోదానికి శుభ్రమైన గాలితో సున్నా సరిచేస్తే చాలు. అందుకే సున్నా సరిచేసేటప్పుడు కిటికీ బయట జనరేటర్ నడుస్తోందేమో చూస్తా. చెప్పాగా, డీజిల్ పొగలో ఉండేది ఈ గ్యాసే.

ఒకవేళ ఆ రోజు స్క్రీన్‌లో 20 కనపడేదాకా పెంచి ఉంటే అసలు మోతాదు దాదాపు 27 అయ్యేది. అందులో ఏముందిలే అనిపిస్తుంది. కానీ నైట్రోజన్ డయాక్సైడ్ తయారయ్యే వేగం నైట్రిక్ ఆక్సైడ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెట్టింపు చేస్తే విషం నాలుగు రెట్లు. 20 నుంచి 27కి పోతే 1.8 రెట్లు. టెన్త్ మ్యాథ్స్ ఎక్కడ పనికొస్తుంది అనేవాళ్లకు నా దగ్గర ఒక ఎన్ఐసీయూ ఉంది, రమ్మనండి.

మా ఊరి ఎండకూ ఈ సెన్సర్లకూ పడదు. లోపలున్నది యాసిడ్ నీళ్లని చెప్పా కదా. పొడి గాలిలో ఆ నీరు మెల్లగా ఎగిరిపోతుంది, తడి గాలిలో మళ్లీ పీల్చుకుంటుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మా దగ్గర గాలిలో తేమ అడుగంటుతుంది. పెదవులు పగిలే గాలి సెన్సర్‌ను మాత్రం వదులుతుందా? అందులోనూ ఏసీ లేని స్టోర్ రూమ్‌లో, రేకుల కప్పు కింద, అట్టపెట్టెలో పెట్టిన స్పేర్ సెన్సర్ వాడకుండానే ముసలిదైపోతుంది. ఆక్సిజన్ సెల్ సంగతి మరీ అన్యాయం. అందులో సీసం ఉంటుంది, ఆక్సిజన్ తగిలేకొద్దీ అది ఖర్చవుతుంది. ప్యాకెట్ విప్పిన రోజు నుంచే, మిషన్‌లో పెట్టినా పెట్టకపోయినా, దాని ఆయుష్షు కరుగుతూ ఉంటుంది. అందుకే నేను మా ఇన్‌ఛార్జి సార్ వెంటపడి స్పేర్లన్నీ ఏసీ ఉన్న ఫార్మసీ అల్మరాలోకి మార్పించా. ‘‘మందుల పక్కన బ్యాటరీలేంది మేడమ్?’’ అని ఫార్మసిస్ట్ గొణిగాడు. నెల తర్వాత ఆయనే తాళంచెవి నాకిచ్చేశాడు.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. అనంతపురం పీఠభూమి మీదుంది, సముద్రమట్టానికి 300 మీటర్ల పైమాటే. గాలి ఒత్తిడి చెన్నైలో కన్నా నాలుగు శాతం దాకా తక్కువ. ఆక్సిజన్ సెల్ కొలిచేది శాతాన్ని కాదు, ఒత్తిడిని. చెన్నైలో 20.9కి సరిచేసిన సెల్‌ను తెచ్చి ఇక్కడ పెడితే అదే గాలిలో 20 చూపిస్తుంది. పాడైపోలేదు, అది ఇంకా చెన్నైలోనే ఉన్నాననుకుంటోంది. ఇక్కడి గాలితో ఒకసారి సరిచేస్తే మనూరిదైపోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్కటీ ఒక ఎత్తు. నైట్రిక్ ఆక్సైడ్ సెన్సర్లలో చాలావాటికి ఎప్పుడూ చిన్న వోల్టేజీ అందుతూ ఉండాలి. సుమారు 300 మిల్లీవోల్టులు. గోడ గడియారంలో వేసే సెల్ ఇచ్చేదాంట్లో అయిదో వంతు. అది ఆగితే సెన్సర్ లోపలి కుదురు పోతుంది. మళ్లీ వోల్టేజీ ఇచ్చినా వెంటనే తేరుకోదు. గంటలు పడుతుంది, ఒక్కోసారి పూర్తిగా 24 గంటలు. ఈలోగా గది గాలిలో కూడా అది పెద్ద పెద్ద అంకెలు చూపిస్తూ మెల్లగా దిగుతుంటుంది. ఈ సంగతి తెలియని చోట ఏం జరుగుతుందో ఊహించండి. పాత సెన్సర్ తీసేస్తారు, స్పేర్ పెడతారు, ‘ఇదీ పాడే’ అని దాన్నీ పారేస్తారు. నేను చేరక ముందు ఎవరో పక్కన పడేసిన రెండు సెన్సర్లను డబ్బాలోంచి తీసి ఒకరోజంతా వోల్టేజీలో ఉంచి చూశా. ఒకటి నిజంగానే పోయింది. రెండోది బంగారంలా పనిచేసింది. ఏప్రిల్‌లో ఆ బిడ్డ మిషన్‌కి వేసింది దాన్నే. ముందు నుంచి వోల్టేజీలో సిద్ధంగా ఉంది కాబట్టి అరగంటలో పని అయింది. లేకపోతే మర్నాటిదాకా ఆ బిడ్డకు సాక్షి లేనట్టే.

ఇక అర్ధరాత్రి అలారం సంగతి. కదిరి తిరునాళ్లకని చిన్నమ్మ వాళ్లింటికి పోయి మిద్దె మీద పడుకున్నా. ఒకటీ నలభైకి వాట్సాప్ వీడియో కాల్. నైట్ డ్యూటీ సిస్టర్. నాకంటే చిన్నది, అక్కా అంటుంది.

‘‘అక్కా, ఎన్ఓటూ అలారం ఆగట్లేదు. 2.6 చూపిస్తాంది. సెన్సర్ మళ్లీ పోయినట్టుంది, సైలెంట్‌లో పెట్టేదా?’’

మా యూనిట్‌లో నైట్రోజన్ డయాక్సైడ్ అలారం 1 పీపీఎం దగ్గర పెట్టుకున్నాం. 2.6 అంటే మామూలు మాట కాదు. అలాగని గ్యాస్ టక్కున ఆపేయడానికీ లేదు. అలవాటు పడ్డ బిడ్డకు హఠాత్తుగా ఆపితే నాళాలు మళ్లీ ముడుచుకుంటాయి, ముందుకన్నా గట్టిగా. అంటే అలారం నిజమైతే గ్యాస్ ఇవ్వడం ప్రమాదం, అబద్ధమైతే ఆపడం ప్రమాదం. కదిరి నుంచి అనంతపురం పోవాలంటే రెండు గంటలు. బిడ్డకు అంత టైమ్ లేదు.

‘‘సైలెంట్ వద్దు. డాక్టర్ ఉన్నారా పక్కన?’’

‘‘ఉన్నారు.’’

‘‘శాచురేషన్ ఎంత?’’

‘‘93.’’

‘‘సరే. డాక్టర్‌కి చెప్పి శాంపిల్ లైన్‌ను ట్యూబు దగ్గర విప్పు. ఆ రంధ్రానికి మూత పెట్టు. లైన్ కొసను ఉత్త గాలిలో పట్టుకో. ఫోన్ స్క్రీన్ వైపు తిప్పు.’’

ఫోన్ వణుకుతోంది. అంకె కనిపిస్తోంది. 2.6... 1.9... 0.8... 0.1... 0. నిమిషం కూడా పట్టలేదు. సెన్సర్ పోయి ఉంటే గది గాలిలో కూడా 2.6 దగ్గరే మొండికేసేది. సున్నాకు వచ్చిందంటే దాని బుర్ర పనిచేస్తోంది. ‘‘మళ్లీ తగిలించు’’ అన్నా. తగిలించగానే ఎక్కడం మొదలుపెట్టింది. ఇదివరకు ఏప్రిల్‌లో సెన్సర్ తప్పు చెప్పింది కదా అని ఈసారీ దాన్నే అనుమానించారు. ఈసారి అది చెప్పింది నిజం. విషం నిజంగానే ఉంది.

‘‘ఇంతకుముందు ఏమైనా మార్చారా?’’

‘‘అరగంట కింద సిలిండర్ మార్చినాం అక్కా. పాతదాంట్లో తక్కువైపోయిందని.’’

చిక్కు వీడింది. సిలిండర్‌లో గ్యాస్ 800 పీపీఎం ఉంటుంది, నైట్రోజన్‌లో కలిపి. అక్కడ ఆక్సిజన్ లేదు కాబట్టి నైట్రోజన్ డయాక్సైడ్ పుట్టదు. కానీ కొత్త సిలిండర్‌కు బిగించిన గొట్టంలో, రెగ్యులేటర్‌లో ముందే గాలి ఉంటుంది. 800 పీపీఎం గ్యాస్ ఆ గాలితో కలిసి కూర్చుంటే, ఇందాక చెప్పిన వర్గం లెక్క ఉంది కదా, విషం చకచకా తయారవుతుంది. అందుకే సిలిండర్ బిగించాక, బిడ్డకు కలపకముందు, ఆ గొట్టాన్ని ఒకసారి ఊడ్చాలి. లోపలున్నదంతా బయటికి వదిలేయాలి. బోరు కొత్తగా వేసినప్పుడు మొదటి బురదనీళ్లను కాలువలోకి వదలం చూడండి, అట్లా. రాత్రి హడావుడిలో అది జరగలేదు.

మిషన్‌కు రెండు సిలిండర్లు పెట్టుకునే ఏర్పాటు ఇందుకే ఉంటుంది. పాతది ‘తక్కువైంది’ అన్నారు గానీ ‘అయిపోయింది’ అనలేదు. కొంత ఒత్తిడి ఉండగానే మార్చేయాలన్నది నియమం, కాబట్టి అందులో ఇంకా గ్యాస్ ఉంది. ‘‘పాతది తెరువు. కొత్తది మూసేయ్. అంకె ఎంతుందో చదువుతా ఉండు.’’ డాక్టర్ సరే అన్నారు. 2.2... 1.5... 0.9. అలారం ఆగింది. ఆ తర్వాత కొత్త సిలిండర్ గొట్టాన్ని ఫోన్‌లోనే చెబుతూ ఊడ్పించా, రెండుసార్లు. మళ్లీ దానికి మార్చితే 0.3 దగ్గర నిలబడింది. మొత్తం పదమూడు నిమిషాల కాల్. చిన్నమ్మ నిద్రలేచి వచ్చి, ‘‘ఎవురితో పాపా ఈ పొద్దు దాకా మాటలు?’’ అంది అనుమానంగా. చెప్తే నమ్మలేదనుకుంటా.

ఆ పాపకు తర్వాత నాలుగు రోజులు 20 నుంచి 10, 5, చివరికి 1 పీపీఎం దాకా మెట్టు మెట్టుగా దింపి ఆపారు. తల్లిది ధర్మవరం, మగ్గం పని. వెళ్లేరోజు మిషన్ వైపు చూసి దండం పెట్టుకుంది. నేను పక్కనే శాంపిల్ లైన్ మారుస్తున్నా.

కరోనా టైమ్‌లో ఆక్సీమీటర్ వేలికి పెట్టుకుని 94, 93 అని భయపడ్డవాళ్లం కదా మనమంతా. వేలు చల్లగా ఉన్నా, నెయిల్ పాలిష్ ఉన్నా అంకె తేడా వస్తుందని అప్పుడే తెలిసింది. ఇంకో వేలికి పెట్టి చూసేవాళ్లం. ఎన్ఐసీయూలో నేను చేసేదీ ఇంచుమించు ఇంకో వేలికి పెట్టి చూడటమే. మిషన్ పక్కన గోడకు ఇప్పుడు ఒక కాగితం లామినేషన్ చేయించి అంటించా. తెలుగులోనే రాశా. ‘అలారం వస్తే: బిడ్డను చూడు. డాక్టర్‌ని పిలువు. గ్యాస్ ఆపొద్దు. లైన్ విప్పి గాలిలో పెట్టు, సున్నాకు వచ్చిందా? ఆక్సిజన్ కూడా తగ్గిందా? సిలిండర్ ఎప్పుడు మార్చారు?’ చివర్లో నా ఫోన్ నంబర్. మా సిస్టర్లు దాని కింద పెన్నుతో ‘అక్క నిద్రలేవకపోతే రెండోసారి చెయ్యి’ అని రాశారు. ఉండనిచ్చా.

ప్రస్తుతం నా పోరాటమంతా స్పేర్లతో. సెన్సర్ బెంగళూరు నుంచి రావాలి. ఇండెంట్ పెట్టాలి, దాని మీద ముగ్గురి సంతకాలు కావాలి, ‘పాతది పనిచేస్తోంది కదా, ఇప్పుడే ఎందుకు?’ అని ఒకరు కచ్చితంగా అడుగుతారు. పనిచేస్తున్నప్పుడే ఎందుకు కావాలో చెప్పడానికి 34, 45 అంకెలున్న ఆ రోజు ప్రింటవుట్‌ను ఫైల్‌లో పెట్టి తిప్పుతున్నా. ఈసారి సంతకాలు తొందరగానే పడ్డాయి. పార్శిల్ చిక్‌బళ్లాపూర్ దాటినట్టు ట్రాకింగ్‌లో చూపిస్తోంది. రేపు సాయంత్రానికి చేతికొస్తే, ఒకరోజు వోల్టేజీలో పెట్టి, ఎల్లుండి సాయంత్రానికి గానీ వాడలేం.